చేతులు మారిన జాకెట్టు ముక్క

పోయిన వారం పత్రిక అందనివాళ్ళకూ, అందినా చదవకుండా పక్కింటావిడకు ఇచ్చేసినవాళ్ళకూ ముందు రెండు మాటలు చెప్పాలి.

ఎడ్మండ్‌సన్ పార్క్‌ను ఆనుకుని ఉన్న మన వాటిల్ క్రీక్ కౌన్సిల్‌కు ఎన్నికలు జరిగాయి. కౌన్సిలర్లు మొత్తం పదకొండు మంది. ఎర్ర జట్టుకు అయిదుగురు, నీలం జట్టుకు అయిదుగురు. ఏ జట్టులోనూ లేని ఆ పదకొండో మనిషి మన శ్యామసుందరి, తెనాలి ఆడపడుచు. చాలా ఏళ్ళు ఈ ఊరి రక్తపరీక్షల సెంటర్లో పనిచేసి మొన్ననే రిటైరైంది. ఊరందరి రక్తమూ తీసింది కానీ ఒక్కరికీ నొప్పి తెలియనివ్వలేదు, అందుకే జనం ఓట్లేశారని భర్త గోపాలరావు అంటుంటాడు. ఆ మాటలో ఎకసెక్కం ఎంతో, గర్వం ఎంతో ఆయనకే తెలియాలి.

ఇక్కడ మేయర్ని జనం ఎన్నుకోరు. సోమవారం సాయంత్రం కౌన్సిలర్లే చేతులెత్తి ఎన్నుకుంటారు. నీలం జట్టు తరఫున నిలబడింది మొరీన్. స్కూలు ముందు పిల్లల్ని రోడ్డు దాటించే పని చేసి ఊరందరికీ అత్తయ్యలా మారిన తెల్లావిడ. ఎర్ర జట్టు తరఫున నిలబడింది షమ్సున్నీసా. గుంటూరు మనిషి, పద్దెనిమిదేళ్ళుగా శ్యామసుందరికి సొంత చెల్లెలి కంటే ఎక్కువ.

మధ్యలో పాత స్కౌట్ హాలు ఒకటుంది. పిల్లల దగ్గరికి వచ్చి, కారు నడపడం రాక, కొడుకులూ కోడళ్ళూ ఆఫీసులకు పోతే గోడలతో మాట్లాడుకునే పెద్దవాళ్ళందరూ బుధవారం బుధవారం నడిచి చేరుకునే చోటు అదొక్కటే. దాన్ని అమ్మేసి కార్ పార్కింగ్ కట్టించాలని ఎర్ర జట్టు నిర్ణయించుకుంది. ఉంచి తీరతానని మొరీన్ అంటోంది. మేయర్ ఏ జట్టు మనిషైతే హాలు సంగతి ఆ జట్టు చెప్పినట్టే. హాలు పోనివ్వనని ఇంటింటికీ తిరిగి చెప్పి గెలిచింది శ్యామసుందరి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఇది చాలదన్నట్టు పోయిన శుక్రవారం బొమ్మల కొలువు పేరంటానికి మొరీన్ కూడా వచ్చింది. గుమ్మంలోకి వచ్చిన ఆడమనిషిని వట్టి చేతులతో పంపుతామా? శ్యామసుందరి పళ్ళూ, పూలూ, బీరువాలోంచి ఒక జాకెట్టు ముక్కా ఇచ్చి పంపింది. మొరీన్ మురిసిపోయి ఆ ముక్కను మెడకు స్కార్ఫులా చుట్టుకుని ఫోటో దిగి ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టింది. ‘శ్యామా ఇచ్చిన కానుక’ అని కింద రాసింది కూడా. ఓటు నీలానికి పోయిందని ఊరంతా తేల్చేసుకుంది. షమ్సున్నీసా నుంచి ఒకే ఒక్క మెసేజ్ వచ్చింది: ‘గుడ్డ చూశాను.’ ఆ తర్వాత శ్యామసుందరి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

అక్కడ ఆగాం కదా. ఇక శనివారం పొద్దున్న సంగతి వినండి.

ఆ రోజు విజయదశమి. ప్రతి దసరాకీ శ్యామసుందరి హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తుంది. తీసుకెళ్ళేది షమ్సున్నీసా. శ్యామసుందరికి హైవే అంటే భయం. గోపాలరావు నడిపితే వెనక లారీలవాళ్ళు హారన్లతో మంగళవాద్యాలు వాయిస్తారు.

“నేను తీసుకెళ్తాలే శ్యామా, ఆవిడ రాదు” అన్నాడు గోపాలరావు చెప్పులేసుకుంటూ.

“మీరు తీసుకెళ్తే మళ్ళీ దసరాకి చేరతాం.”

కూతురు గీతిక సోఫాలోంచి తలెత్తకుండా, “అమ్మా, జస్ట్ టెక్స్ట్ హర్. సే సారీ” అంది.

“దేనికే సారీ? నేనేం తప్పు చేశానని?”

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే బయట హారన్ మోగింది. రాదనుకున్న కారు వచ్చి వాకిట్లో ఆగింది. శ్యామసుందరి కొబ్బరికాయ మర్చిపోయి పరిగెత్తింది. గోపాలరావు కాయ పట్టుకుని వెనకాలే పరిగెత్తాడు.

కారులో షమ్సున్నీసా నోరు విప్పలేదు. సీటుబెల్టు పెట్టుకోమని కూడా వేలితోనే చూపించింది. హీత్‌కోట్ రోడ్డు మీద రెండు పక్కలా యూకలిప్టస్ చెట్లు వెనక్కి పోతుంటే శ్యామసుందరి వాతావరణం గురించి ఒకసారి, పెట్రోలు ధర గురించి ఒకసారి ప్రయత్నించి మానుకుంది. పద్దెనిమిదేళ్ళలో ఈ దారిలో వీళ్ళు మాట్లాడుకోకుండా పోయింది లేదు. ఒకసారి కబుర్లలో పడి గుడి మలుపు దాటి వొల్లొంగాంగ్ దాకా వెళ్ళిపోయారు కూడా.

గుడి దగ్గర కార్లు కిక్కిరిసి ఉన్నాయి. శ్యామసుందరి లోపలికి వెళ్ళింది. షమ్సున్నీసా ఎప్పటిలాగే కింద క్యాంటీన్లో కూర్చుంది. స్వామి ముందు నిలబడి ఎవరిని మేయర్ చెయ్యాలని అడుగుదామనుకుంది శ్యామసుందరి. ఏడుకొండలవాడికి వాటిల్ క్రీక్ పార్కింగ్ గొడవలెందుకని సిగ్గేసి, ‘షమ్సూ నాతో మాట్లాడితే చాలు’ అని మాత్రం దండం పెట్టుకుని కిందికి దిగింది.

క్యాంటీన్లో మూల బల్ల మీద రెండు పులిహోర ప్లేట్లు సిద్ధంగా ఉన్నాయి.

“చల్లారిపోద్ది. తిను” అంది షమ్సున్నీసా.

“నాతో మాట్లాడవనుకున్నా.”

“మాట్టాడటంలా. తినమన్నా. రెండూ వేరు.”

శ్యామసుందరి ఒక ముద్ద తిని, ఇక పట్టలేక, “ఓటు గురించేనా షమ్సూ నీ కోపం? నేనింకా ఎవరికీ మాటివ్వలా. ఆ మొరీన్‌కి నేనిచ్చింది తాంబూలమే. ప్రామిస్ కాదు, డీలూ కాదు. ఈ ఊళ్ళోవాళ్ళకి అర్థం కాకపోతే పోయె, నీకు కూడా అర్థం కాలేదా?” అంది.

షమ్సున్నీసా ప్లేటు పక్కకు జరిపింది.

“ఓటు నీది అక్కా. నీకిష్టమైనోళ్ళకి వేసుకో. నేను అడగలా, అడగను. గుడ్డ నాది.”

“నీదేంటి?”

షమ్సున్నీసా ఫోన్లో ఫోటో తీసి, మొరీన్ మెడ దగ్గర పెద్దది చేసి చూపించింది. “పసుపు రంగు. వంకాయ రంగు అంచు. జరీ చుక్కలు. మంగళగిరి నేత. ఇప్పుడు గుర్తొచ్చిందా?”

ఇక్కడ ఒక విషయం ఒప్పుకుందాం. మనిళ్ళల్లో జాకెట్టు ముక్కలనేవి కుట్టించుకోవడానికి కాదు. పేరంటానికి ఒకరిస్తారు, మనం బీరువాలో పెడతాం, ఇంకో పేరంటానికి ఇంకొకరికిస్తాం. ఊళ్ళో మొదలైన ముక్క సముద్రాలు దాటి, నలుగురి బీరువాలు చూసి, చివరికి మొదట ఇచ్చినావిడ ఇంటికే చేరిన ఉదంతాలున్నాయి. దాన్ని తప్పు పట్టేవాళ్ళు లేరు. అలా తిరగకపోతే ఆ ముక్కలకు మోక్షం లేదు. అలవాటు చొప్పున శ్యామసుందరి అరలో పైనున్నది తీసి మొరీన్ చేతిలో పెట్టింది, అంతే. కానీ అరలో ఉన్నవన్నీ తిరిగే ముక్కలు కావు.

“అయ్యో” అంది శ్యామసుందరి. “రంజాన్‌కి సేమియా డబ్బాతో నువ్విచ్చిన ముక్కా?”

“అదే. కుట్టించుకో అక్కా అని చెప్పా. నువ్వు ఊఁ అన్నావు.”

“నీకు అంత ఇష్టమైందని నాకేం తెలుసే? ఇంకోటి కొనిస్తా. రెండు కొనిస్తా.”

“ఎక్కడ కొంటావు? అమ్మీ కొన్నది అక్కా అది.”

పక్క బల్ల దగ్గర ఎవరో పిల్లవాడు దోసె కావాలని గోల చేస్తున్నాడు. షమ్సున్నీసా గొంతు తగ్గించింది.

“మా అమ్మీ ఇక్కడికొచ్చిన ఏడు, సుగరు పరీక్షకి ఎక్కడికి తీసకపోయినా నరం దొరక్క చేతులు కుళ్ళబొడిచారు. నల్లగా కమిలిపోయినయ్యి. ఇంక చస్తే చేయించుకోనంది. నువ్వేం చేశావు? స్కౌట్ హాల్లో కిటికీ పక్కన అమ్మీ కుర్చీ దగ్గర కూర్చోని, గోంగూర గురించి మాట్టాడి మాట్టాడి మర్నాడు నీ సెంటర్‌కి పిలిపించుకున్నావు. ఒక్కసారే గుచ్చావు. ‘ఎప్పుడు తీస్తావమ్మాయ్?’ అనడిగింది అమ్మీ. అప్పటికే తీసేశావు.”

“గుర్తుంది. గోంగూరలో ఎండు రొయ్యలు వేస్తే ఎట్టా ఉంటదో అరగంట చెప్పింది నాకు. నేను తిననే అమ్మీ అంటే, వాసనైనా తెలుసుకోమంది.”

“ఊరికి పోయాక అన్నయ్య చేత కారు కట్టించుకోని మంగళగిరి పోయింది. ఒకే తానులో రెండు ముక్కలు కోయించింది. ఒకటి నాకు. ఒకటి ‘ఆ సూది గుచ్చే పిల్లకి’. అరవయ్యేళ్ళ నిన్ను పిల్ల అనేది అక్కా. అదే ఆఖరు బజారు. మళ్ళా బయటికి రాలా. ఆవిడ పోయాక అన్నయ్య పెట్టెలో పెట్టి పంపాడు. అమ్మీ కొన్నదని నీకు చెబుదామంటే ఏడుపొస్తదని చెప్పలా. కుట్టించుకోమని మాత్రం చెప్పా.”

శ్యామసుందరి ఏడ్చేసింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, గుడి క్యాంటీన్లో పండగపూట, పది మందీ చూస్తుండగా చంటిపిల్లలా ఏడ్చింది. వాటిల్ క్రీక్ భవిష్యత్తు ఎవరి చేతిలో ఉందని పత్రికలు రాశాయో ఆ చేతికి పులిహోర అంటుకుని ఉంది.

“అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఇచ్చేశాను కదే. ఇప్పుడే మొరీన్ ఇంటికి పోయి తీసుకొస్తా. పద.”

“ఏమని అడుగుతావు? పేరంటంలో పెట్టింది తిరిగిమ్మంటావా? మా అమ్మీ లేచొచ్చి ఇద్దర్నీ తన్నుద్ది.”

ఏడుస్తున్న మనిషికి నవ్వొస్తే ఎలా ఉంటుందో తెలుసుగా. శ్యామసుందరికి పొలమారింది. షమ్సున్నీసా మంచినీళ్ళు అందించి నెత్తి మీద తట్టింది. తట్టిన చెయ్యి కాసేపు అక్కడే ఉంచింది. దేవుడు ఇంత తొందరగా పలుకుతాడని శ్యామసుందరి అనుకోలేదు.

“ఇప్పుడు ఓటు సంగతి మాట్లాడదామా?” అంది, కళ్ళు తుడుచుకుని.

“వద్దు.”

“నీకు మేయర్ అవ్వాలని లేదా?”

“ఎందుకు లేదు? ఉంది. నిజం చెప్తన్నా, చానా ఉంది. ఈ దేశం వచ్చిన కొత్తలో చెత్త డబ్బా విరిగిపోయిందని కౌన్సిల్ ఆఫీసుకి పోయి, కౌంటర్ దగ్గర వాళ్ళ యాక్సెంట్ అర్థంగాక ఏడుస్తా ఇంటికొచ్చా. ఆ బిల్డింగులోనే పెద్ద కుర్చీలో కూర్చోవాలని ఉండదా?”

“మరి నన్ను అడగవేం?”

“నేనడిగితే నువ్వు కాదనవు. అందుకే అడగట్లా.”

శ్యామసుందరి మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టింది. “హాలు సంగతి మీవాళ్ళతో చెప్పి చూడకూడదా షమ్సూ? అమ్మీ కూర్చున్న హాలు” అంది.

“చెప్పా. నాతో కలిపి ఇద్దరం, ఎదురుగా ముగ్గురు. ఓడిపోయా. జట్టులో ఒకసారి తేలాక మేయరైనా ఆ మాట మీదే నిలబడాల. దాటితే మెంబర్‌షిప్ తీసి ఇంటికి పంపుతారు. మా జట్టు పెద్ద ద్వారకానాథ్ అన్న రోజూ గుర్తు చేస్తానే ఉన్నాడు.” షమ్సున్నీసా లేచి ప్లేట్లు తీసింది. “పద అక్కా, మధ్యాన్నం దాటితే ట్రాఫిక్ పెరిగిద్ది.”

తిరుగు దారిలో ఇద్దరూ ఆగకుండా మాట్లాడుకున్నారు. ఓటు మాట మాత్రం ఎత్తలేదు. ఇంటి ముందు దింపి, వెనక సీట్లోంచి ఒక కవర్ తీసి శ్యామసుందరి చేతిలో పెట్టింది షమ్సున్నీసా.

“నా ముక్క ఇది. నీ కొలతలకి కుట్టేశా. సోమవారం ఏసుకోని రా.”

“నీదా? వద్దే, ఇది నీకు మీ అమ్మ...”

“నేను జాకెట్లు ఏసుకుంటానా ఏంది? మిగిలిన పీలిక నా దుపట్టాకి అంచేసుకున్నాలే. మొరీన్ మెడకి, నీ ఒంటికి, నా దుపట్టాకి ఒకటే గుడ్డ. ఇంక గుడ్డని చూసి ఓటెవరిదో చెప్పమను వాళ్ళని.” కారు రివర్సు చేస్తూ నవ్వింది. వారం రోజుల్లో ఆ నవ్వు ఇదే మొదటిసారి.

ఆదివారం మధ్యాహ్నం శ్యామసుందరి ఆ జాకెట్టు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. పుట్టినప్పటి నుంచీ ఒంటి మీదే ఉన్నట్టు సరిపోయింది. చంక కింద కుట్టు కొంచెం వదులుగా వదిలింది షమ్సూ. అక్క చెయ్యి ఎత్తితే పట్టేస్తుందని ఆమెకు తెలుసు.

“ఏవండీ, మన గరాజ్ ఖాళీ చేద్దాం” అంది.

పేపరు చదువుతున్న గోపాలరావు కళ్ళజోడు పైనుంచి చూశాడు. “ఎందుకూ?”

“హాలు పోతే బుధవారాలు ఇక్కడ కూర్చుంటారు. కుర్చీలు పడతాయి.”

“నా కారో?”

“ఎండలో ఉంటుంది. మనిషి కంటే ఎక్కువా?”

ఆయనకు అర్థమైంది. పేపరు మడిచాడు. “అంటే షమ్సున్నీసాకి వేస్తున్నావన్నమాట. హాలు పోనివ్వనని ఊరందరికీ మాటిచ్చావు కదే.”

“తప్పుతున్నా. ఒక్కొక్కరి ఇంటికీ పోయి చెప్పుకుంటా, తిట్టినా పడతా. అది అడిగుంటే కాదనేదాన్నేమో. అడగలేదండీ అది.” జాకెట్టు అంచు సర్దుకుంది. “ఆ గరాజ్ అందరికీ చాలదని నాకు తెలుసు. దూరంనుంచి నడిచొచ్చే ముసలాళ్ళు ఏమైపోతారో కూడా తెలియదు. అయినా దాని మొహం చూస్తూ చెయ్యి కిందపెట్టుకుని కూర్చోలేను.”

గోపాలరావు మడిచిన పేపరు బల్ల మీద పెట్టాడు. తర్వాత లేచి గరాజ్ తాళంచెవి తీసుకున్నాడు. “ఇన్నేళ్ళలో నువ్వు లెక్కలేసుకుని చేసిన పని ఒక్కటీ లేదు. ఇప్పుడు మొదలుపెడితే నేను తట్టుకోలేను. పద, ఆ పాత సైకిల్ ముందు బయట పడేద్దాం.”

సోమవారం సాయంత్రం, ఇంకా ఎండ పోలేదు. కౌన్సిల్ హాల్లో చూడటానికి వచ్చినవాళ్ళు గోడల వెంబడి కూడా నిలబడ్డారు. బుధవారం పెద్దవాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళ మొహాలు చూడలేక శ్యామసుందరి తల దించుకుని తన చోటికి వెళ్ళింది.

అప్పుడు జరిగిన తమాషా చూడవలసిందే. మొరీన్ మెడలో పసుపు స్కార్ఫు. శ్యామసుందరికి పసుపు జాకెట్టు. నీలం జట్టు మొహాలు చేటంతయ్యాయి. ఇంతలో ఎర్ర జట్టు బల్ల దగ్గరికి షమ్సున్నీసా వచ్చింది, దుపట్టాకి అదే పసుపు, అదే వంకాయ రంగు అంచు. ఎర్ర జట్టు పెద్ద ద్వారకానాథ్ మూడు చోట్లా చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మొరీన్ మాత్రం శ్యామసుందరిని చూసి, తన స్కార్ఫు పట్టుకుని, “స్నాప్!” అని, ఇద్దరివీ ఒకటేనన్నట్టు గలగలా నవ్వింది.

కౌన్సిల్ జనరల్ మేనేజర్ గొంతు సవరించుకుని పద్ధతి చదివాడు. ఇద్దరు అభ్యర్థులు. పేరు చదవగానే ఆ అభ్యర్థిని కోరుకునేవాళ్ళు చెయ్యెత్తాలి. ముందు మొరీన్ పేరు చదివాడు.

శ్యామసుందరి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని బిగించి పట్టుకుంది. ముందు వరసలో పెద్దవాళ్ళు తన చేతులకేసే చూస్తున్నారని తెలుసు. నీలం జట్టు చేతులు లేచాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. అంతే, ఇంక షమ్సూ పేరు చదవగానే తను ఎత్తడమే.

మేనేజర్ లెక్క ఆపలేదు. అతని వేలు బల్ల ఈ వైపు నుంచి ఆ వైపుకు కదిలి ఆగిపోయింది. హాల్లో గుసగుస మొదలైంది. శ్యామసుందరి తలెత్తింది.

ఆరో చెయ్యి లేచి ఉంది. ఆ చేతి మీదుగా పసుపు అంచు దుపట్టా జారుతోంది.

ద్వారకానాథ్ పక్కకు వంగి తెలుగులోనే అన్నాడు, అందరికీ వినపడేట్టు. “షమ్సున్నీసా గారూ, చెయ్యి దించుండ్రి. చదివింది మొరీన్ పేరు. మీది గాదు.”

“తెలుసన్నా” అంది షమ్సున్నీసా.

“తెలిసే ఎత్తిన్రా? ఏమైతదో ఎరుకేనా మీకు?”

“అదీ తెలుసు.”

శ్యామసుందరి తల అడ్డంగా ఊపుతూనే ఉంది. వద్దు, వద్దు. షమ్సున్నీసా ఆమె వైపు చూడలేదు. ముందు వరసలో కిటికీ పక్కన ఖాళీగా మిగిలిన కుర్చీని చూస్తోంది. ‘నేనడిగితే నువ్వు కాదనవు’ అంది మొన్న గుడి దగ్గర. అడగనిది ఓటు ఒక్కటే అనుకుంది శ్యామసుందరి. తన కోసం అక్క ఊరికిచ్చిన మాట తప్పడం కూడా షమ్సూకి ఇష్టం లేదని ఇప్పుడు అర్థమైంది.

“సిక్స్” అన్నాడు మేనేజర్, తన గొంతును తనే నమ్మనట్టు.

ద్వారకానాథ్ కాగితాలు బ్యాగులో పడేసుకుని లేచాడు. అతని వెనక మిగిలిన ముగ్గురూ లేచారు. తలుపు మూసుకున్న చప్పుడయ్యాక ఎర్ర జట్టు బల్ల దగ్గర నాలుగు ఖాళీ కుర్చీలూ, చివర షమ్సున్నీసా మిగిలారు. ఇందాకటి దాకా వాటిల్ క్రీక్‌లో జట్టు లేని కౌన్సిలర్ ఒక్కరే. ఇప్పుడు ఇద్దరు.

మేనేజర్ నుదురు తుడుచుకున్నాడు. పద్ధతి పద్ధతే కనుక రెండో పేరు కూడా చదివాడు. “కౌన్సిలర్ షమ్సున్నీసా.”

ఎవరూ కదలలేదు. ఆ పేరున్న మనిషి చేతులు కూడా ఒళ్ళోనే ఉన్నాయి.

శ్యామసుందరి చెయ్యెత్తింది. ఇక ఆ చేతితో గెలిచేదీ ఓడేదీ ఏమీ లేదు. చంక కింద కుట్టు ఎక్కడా పట్టలేదు. ఆ పెద్ద హాల్లో పసుపు జాకెట్టు వేసుకున్న ఆ ఒక్క చెయ్యే నిటారుగా నిలబడింది.

షమ్సున్నీసా అప్పుడు తిరిగి చూసింది. కళ్ళు నిండిపోయి ఉన్నాయి. పెదాలు కదిలాయి. ‘దించక్కా’ అందో, ‘దించొద్దక్కా’ అందో, అంత దూరం నుంచి శ్యామసుందరికి తెలియలేదు.